గేమ్ ప్రోగ్రామింగ్ చదవాలంటే కోవిల్‌పట్టి చాలదా?

ప్లస్ టూ ఫలితాలు వచ్చాయంటే తమిళనాడులో కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళల్లో ఇప్పుడో కొత్త తగువు. నాయకర్ల ఇల్లైనా, రెడ్డియార్ల ఇల్లైనా వరస ఒకటే. కొడుకో కూతురో “గేమ్ ప్రోగ్రామింగ్ చదువుతా” అంటారు. నాయనకు గేమ్ అంటే ఫోను, ఫోను అంటే చెడిపోవడం. పిల్లలకేమో గేమ్ కంపెనీ అంటే పొద్దస్తమానం ఆడుకుంటూ జీతం తీసుకునే చోటు. ఇద్దరిదీ పొరపాటే.

అపోహ: ఆ పేరున్న డిగ్రీలోనే చేరాలి, అది మన ఊళ్ళల్లో దొరకదు.

అలాంటి డిగ్రీలు ఉన్నమాట నిజమే. స్కాట్లాండ్‌లోని అబర్టే విశ్వవిద్యాలయం 1997లో గేమ్స్ డిగ్రీ మొదలుపెట్టింది. ఆ మరుసటేడు అమెరికాలో డిజిపెన్ విద్యాసంస్థ తన కోర్సు ప్రారంభించింది. దాని పేరు ‘రియల్ టైమ్ ఇంటరాక్టివ్ సిమ్యులేషన్’. అంత పేరున్న గేమ్ చదువు పట్టాలో గేమ్ అన్న మాటే లేదు!

మన పక్క చూస్తే కోవిల్‌పట్టిలో నేషనల్ ఇంజినీరింగ్ కాలేజీ 1984 నుంచి ఉంది. విరుదునగర్ పక్కన కామరాజ్ ఇంజినీరింగ్ కాలేజీ 1998లో వచ్చింది. రెండూ అన్నా యూనివర్సిటీ కింద ఉన్నవే. ఆ యూనివర్సిటీ 2021 నాటి కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ‘గేమ్ డెవలప్‌మెంట్’ ఒక ఎలక్టివ్; పైగేమ్, యూనిటీ అనే గేమ్ తయారీ సాధనాలు పేర్లతో సహా పాఠాల్లో ఉన్నాయి. ఆగ్మెంటెడ్ రియాలిటీ, వర్చువల్ రియాలిటీలకు ఇంకో పేపర్ ఉంది. స్వయం ప్రతిపత్తి ఉన్న కాలేజీలు తమ సిలబస్ తామే రాసుకుంటాయి కాబట్టి, చేరేముందు ఆయా కాలేజీ జాబితా చూసుకోవాలి. జాబితాలో ఉండటం వేరు, నడపడం వేరు. తగినంతమంది ఎంచుకోకపోయినా, చెప్పే మాస్టారు లేకపోయినా ఆ పేపర్ కాగితం మీదే ఉండిపోతుంది. అడ్మిషన్ రోజున అడగాల్సిన ప్రశ్న అది. హాస్టల్ భోజనం సంగతి తర్వాత అడగొచ్చు.

అపోహ: లెక్కలు రానివాళ్ళకు ఇది సులువైన దారి.

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఈ నమ్మకమే. బొమ్మలు గీసేవాళ్ళు వేరు, ఆట నియమాలు అల్లేవాళ్ళు వేరు, ప్రోగ్రామర్లు వేరు. యానిమేషన్ డిగ్రీలో చేరి ప్రోగ్రామర్ అవుదామనుకున్నవాళ్ళు మూడేళ్ళ తర్వాత తల పట్టుకుంటారు. తెర సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో చిత్రానికి దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆలోపే ఆడేవాడు ఏ మీట నొక్కాడో గమనించాలి, శత్రువు ఎటు కదలాలో తేల్చాలి, ఏది దేన్ని ఢీకొందో చూడాలి, అంతా గీయాలి. బ్యాంకు యాప్ అర సెకను ఆలోచిస్తే ఎవరూ పట్టించుకోరు. ప్రతి కదలికకీ గేమ్ అంతసేపు ఆగితే ఫోన్లోంచి తీసేస్తారు.

లెక్కల సంగతికొస్తే, ఇంజినీరింగ్ మొదటి ఏడాది మ్యాథ్స్‌లో కేలీ–హామిల్టన్ సిద్ధాంతం ఉంటుంది. మార్కుల కోసం బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరిచిపోయే పాఠం. ఆ హామిల్టనే 1843లో డబ్లిన్‌లో కాలువ గట్టున నడుస్తూ క్వాటర్నియన్లను కనిపెట్టాడు. యూనిటీలో ఏ వస్తువును తిప్పినా లోపల నడిచేది ఆ లెక్కే. మూడు కోణాలతో తిప్పితే కొన్ని భంగిమల్లో రెండు అక్షాలు ఒకదానిమీద ఒకటి పడి, ఒక దిశలో తిరగడమే ఆగిపోతుంది. క్వాటర్నియన్లకు ఆ బెడద లేదు. శత్రువు గోడ చుట్టి వచ్చి మిమ్మల్ని పట్టుకునే ‘ఏ స్టార్’ పద్ధతి కూడా గేమ్ కోసం పుట్టింది కాదు. షేకీ అనే రోబోకి దారి చూపించడానికి 1968లో రాసింది.

అపోహ: బాగా ఆడేవాడు ప్రోగ్రామ్ కూడా బాగా రాస్తాడు.

సినిమాలు ఎక్కువ చూసినవాడల్లా కెమెరామన్ కాడు.

అపోహ: లక్షల కంప్యూటర్ కావాలి.

అన్‌రియల్ అనే సాధనంతో భారీ త్రీడీ చేస్తే మంచి గ్రాఫిక్స్ కార్డు కావాల్సిందే. పైగేమ్, గోడో లాంటి సాధనాలు మామూలు లాప్‌టాప్‌లో నడుస్తాయి, పైసా ఖర్చు లేదు.

అపోహ: గేమ్ అంటే రమ్మీయే, పోలీసు కేసే.

తమిళనాడు 2022లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అంతకుముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అలాంటి చట్టాలే తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నూ, సరదాకు ఆడే ఆటలనూ వేరుగా గుర్తించింది. రమ్మీలో అప్పులపాలైన కుటుంబాల కథలు విన్న నాయన భయాన్ని తప్పుపట్టలేం. కాకపోతే ఆ భయం ఈ చదువును చూసి పడాల్సింది కాదు.

అపోహ: మన ఊళ్ళల్లో గేమ్‌కి పనికొచ్చే కథలేముంటాయి?

కెనడాకు వలసవెళ్ళిన తమిళ కుటుంబం వంటింటి చుట్టూ అల్లిన ‘వెన్బా’ గేమ్ 2023లో వచ్చింది, మరుసటేడు బాఫ్టా అందుకుంది. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ తెచ్చింది. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ నవల ‘గోపల్ల గ్రామం’లో మన పూర్వికుల వలస ఉంది. వెనక గుర్రాల మీద తరిమేవాళ్ళు, ముందు ఏరు, ఒడ్డున చెట్టు వంగి అవతలికి దారి ఇవ్వడం. దీన్ని ఇంతవరకూ ఎవరూ గేమ్‌గా ఎందుకు చెయ్యలేదా అని నాకు ఆశ్చర్యం.

అపోహ: యూట్యూబ్ ఉండగా డిగ్రీ దేనికి?

ఈ వాదనకు ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని ఒక్కడే చేసిన ఎరిక్ బరోన్‌ను సాక్ష్యంగా తెస్తారు. 2024 చివరికి 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైన గేమ్ అది. బరోన్ కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నాడనీ, సాయంత్రాలు థియేటర్లో గేటు దగ్గర పనిచేస్తూ నాలుగున్నరేళ్ళు కష్టపడ్డాడనీ ఎవరూ చెప్పరు.

ఉద్యోగాల దగ్గర దాపరికం వద్దు. గేమ్ స్టూడియోలు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్, పూణేల్లో ఉన్నాయి. కోవిల్‌పట్టి మీదుగా వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారే బెంగళూరు దాటి, అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాద్ చేరుతుంది. ఇంటర్వ్యూకి పట్టాతో పాటు పూర్తిచేసిన చిన్న గేమ్ ఒకటి చూపించగలగాలి. సగంలో ఆగిన పది గేమ్‌లు లెక్కలోకి రావు. ఆ తర్వాత ఇలాంటి ప్రశ్న రావచ్చు: రెండు వృత్తాలు తాకాయో లేదో ఎలా తేలుస్తావు? కేంద్రాల మధ్య దూరాన్ని వ్యాసార్ధాల మొత్తంతో పోల్చాలని పదో తరగతి పిల్లలైనా చెప్పగలరు. అసలు ప్రశ్న దాని వెనక వస్తుంది: అలాంటి పోలికలు ప్రతి చిత్రానికీ వేలల్లో చెయ్యాలంటే, వర్గమూలం తీయకుండానే తేల్చగలవా?