పులుపు చెప్పని లెక్క

మెదక్ మార్కెట్‌లో సి విటమిన్ కోసం ఏం కొనాలంటే చాలామంది చెయ్యి ముందు నిమ్మకాయల మీదికే పోతుంది. పుల్లగా ఉంటే సి విటమిన్ దండిగా ఉన్నట్టేనని గట్టి నమ్మకం. మరి మన వంటింట్లో చింతపండును మించిన పులుపేముంది? వంద గ్రాముల చింతపండులో సి విటమిన్ సుమారు 3 మిల్లీగ్రాములే. అదే బరువు జామపండులో 200 దాటుతుంది. నాలుకకు అందేది చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం. సి విటమిన్‌ను పట్టించేది మరో గుణం: అది అయోడిన్ రంగును పోగొడుతుంది.

బడిలో చేసి చూపించదగ్గ పరీక్ష ఇది. 500 మిల్లీగ్రాముల సి విటమిన్ మాత్రను లీటరు నీళ్లలో కరిగించాలి. అందులో 20 మిల్లీలీటర్లు తీసుకుంటే 10 మిల్లీగ్రాములు ఉన్నట్టు. దానికి చెంచాడు పల్చటి గంజి కలిపి, అయోడిన్ ద్రావణం చుక్క చుక్కగా వెయ్యాలి. చుక్క పడ్డచోట నల్లటి నీలం మెరిసి, గ్లాసు కదపగానే మాయమవుతుంది. సి విటమిన్ అయిపోయాక పడిన చుక్కతో ఆ నీలం నిలిచిపోతుంది. దీనికి 60 చుక్కలు పట్టాయనుకుందాం. పది గ్రాముల జామ గుజ్జుకు 120 పడితే అందులో 20 మిల్లీగ్రాములున్నట్టు, అంటే వంద గ్రాములకు 200.

అయితే పండులో ఉండే మరికొన్ని పదార్థాలూ అయోడిన్‌ను తినేస్తాయి. పైగా కోసిన ముక్కకు గాలి తగిలేకొద్దీ సి విటమిన్ తగ్గుతుంది. అందుకే ప్రయోగశాలల్లో ముక్కను ఆమ్లంలో నూరి, హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో సి విటమిన్‌ను విడదీసి కొలుస్తారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో వంద గ్రాముల ఉసిరికి 600 మిల్లీగ్రాములని ఉండేది. 2017 పట్టికల్లో అది 252. పాత అంకె తప్పని కొట్టిపారేయడం సరికాదని నా అభిప్రాయం. కాయ రకం, పక్వం, కోసి ఎన్నాళ్లయింది, ఏ పద్ధతిలో కొలిచారు అన్నవాటిని బట్టి అంకె మారుతుంది. పట్టిక దారి చూపుతుందే కానీ మీ సంచిలోని కాయకు పూచీపడదు. ఈ తేడాలతోనూ రోజుకు మగవాళ్లకు కావాల్సిన 80, ఆడవాళ్లకు కావాల్సిన 65 మిల్లీగ్రాములకు ఓ జామకాయ సాధారణంగా సరిపోతుంది.

అసలు నష్టం పొయ్యి మీద. సి విటమిన్ నీళ్లలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. ఉడికించిన క్యాబేజీ నీళ్లను పారబోసే ముందు కొన్ని వేరే తీసి, చల్లార్చి ఇదే పరీక్ష చేయండి. ముక్కల్లోంచి పోయినదాంట్లో కొంత ఆ నీళ్లలోనే దొరుకుతుంది. అయోడిన్ కలపని మిగతా నీళ్లను పప్పులో పోసుకోవచ్చు.