ఆఖరి పేజీ ఏ భాషలో?

హ్యారీ పాటర్ ముగింపు హిందీ, మరాఠీల్లో ఉంది. సూరత్ తెలుగు పిల్లలకు మాత్రం కథ మొదటి పుస్తకంతోనే ఆగిపోయింది

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో ఏడు మాధ్యమాలున్నాయి: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిష్. జౌళి మిల్లుల్లో, మరమగ్గాల మీద పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాల వల్లే అక్కడ తెలుగు బడులు వెలిశాయి. ఒకే పేటలోని పిల్లలు వేర్వేరు లిపులు దిద్దుకునే ఈ నగరంలో ఓ ప్రశ్న వేసి చూడొచ్చు. లండన్ రైల్వే స్టేషన్లో గోడను దాటి మాయాలోకంలోకి వెళ్లే హ్యారీ పాటర్ కథ చివరికి ఏమైందో వీరిలో ఎవరు తమ బడి భాషలో చదవగలరు?

ఇంగ్లిష్ మాధ్యమం వారిని పక్కనబెడితే హిందీ, మరాఠీ పిల్లలు చదవగలరు. జె.కె.రౌలింగ్ రాసిన ఏడో పుస్తకం 2007 జులై 21న విడుదలై, అమెరికాలో తొలి 24 గంటల్లోనే 83 లక్షల ప్రతులు అమ్ముడైంది. భోపాల్‌కు చెందిన మంజుల్ పబ్లిషింగ్ హౌస్ దాన్ని హిందీలో 'హ్యారీ పాటర్ ఔర్ మౌత్ కే తోహ్‌ఫే' పేరుతో తెచ్చింది. మరాఠీలోనూ ఏడు పుస్తకాలూ పూర్తయ్యాయి. అదే సంస్థ తెలుగులో 'పరుసవేది', గుజరాతీలో 'పారస్‌మణి' పేర్లతో మొదటి పుస్తకం వేసింది. రెండు భాషల్లోనూ బండి అక్కడే ఆగింది.

ఆగితే నష్టమేమిటి? మొదటి పుస్తకంలో హ్యారీని చూస్తేనే మండిపడే స్నేప్ మాస్టారు చివరికి ఆ కుర్రాణ్ని కాపాడినవాడని తేలుతుంది. ఆయన ఎందుకు కాపాడాడన్న అసలు గుట్టు విప్పేది ఏడో పుస్తకమే. తెలుగులో మాత్రమే చదివిన పిల్లవాడికి ఆ మనిషి సగమే తెలుస్తాడు. మనుషుల మీద తొందరపడి తీర్పు చెప్పకూడదన్న పాఠమూ సగంలోనే ఉండిపోతుంది.

పిల్లల ఊహకు నగరాన్ని వేదిక చేయడం సూరత్‌కు కొత్త కాదు. అక్కడి నుంచి వెలువడిన 'గాండీవ్' పిల్లల పత్రికలో హరిప్రసాద్ వ్యాస్ 1936 నుంచి 1955 దాకా బకోర్ పటేల్ కథలు రాశారు. పటేల్ ఓ మేక. మిత్రుల్లో పులి వకీలు, ఒంటె డాక్టరు. వీళ్లంతా పట్నవాసుల్లా బతుకుతూ చిక్కుల్లో పడుతుంటారు. ఏ కథకా కథే పూర్తయ్యేది కాబట్టి ముగింపు కోసం ఎవరూ మరో భాష వెతుక్కోనక్కర్లేకపోయింది. తెలుగువారికి ఆ భాగ్యం 'చందమామ' ఇచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలను 'తోకచుక్క' నుంచి మొదలుపెట్టి నెలనెలా చివరి భాగం దాకా సొంత భాషలోనే చదివిన తరం ఒకటుంది.

ప్రచురణకర్తల లెక్క అర్థం కానిది కాదు. బ్రిటన్ ముద్రణలో మొదటి పుస్తకం 223 పేజీలు, ఏడోది 607 పేజీలు. అనువాదం, కాగితం, ధర అన్నీ ఆ మేరకు పెరుగుతాయి. కొనగలిగిన ఇళ్ల పిల్లలు చాలామంది అప్పటికే ఇంగ్లిష్‌లో చదివేసి ఉంటారు. మిగిలేది కొనలేనివారే. వారి తరఫున కొనాల్సింది బడులు, గ్రంథాలయాలే. వాటి కొనుగోలు జాబితాలో పిల్లల నవలకు చోటు దక్కితే తప్ప ఈ లెక్క మారదు.

సూరత్‌లో మగ్గం దిగివచ్చిన తండ్రికి తెలుగు చదవడం వస్తుంది, ఇంగ్లిష్ రాకపోవచ్చు. మొదటి పుస్తకాన్ని తండ్రీకొడుకులు కలిసి చదువుకోవచ్చు. ఏడోదాకా వెళ్లాలంటే కొడుకు ఒక్కడే వెళ్లాలి, అదీ మరో భాషలో.