ఉతికితే చాలదు, ఆరితేనే భద్రం

వస్త్రం అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహం. అది మన మానాన్ని కాపాడుతుంది, అందాన్నీ ఇస్తుంది. దుస్తులను పరిశుద్ధంగా ఉంచుకోవాలని దివ్య ఖుర్ఆన్ ముద్దస్సిర్ సూరాలో ఆదేశం ఉంది. నమాజుకు శుభ్రమైన బట్టలు కావాలి గనుక ఉతకడంలో మనం అశ్రద్ధ చేయం. అశ్రద్ధంతా ఉతికిన తర్వాతే! పండుగకు కుట్టించిన షేర్వానీ, నిఖానాటి జరీ చీర, పెద్దలు దాచిన జానిమాజ్ వాడకంలో చిరిగేది తక్కువ, పెట్టెలో పాడయ్యేదే ఎక్కువ.

పలాస, టెక్కలి, ఉద్దానం వైపు ఈ బెడద మరీ ఎక్కువ. సముద్రపు గాలిలో తేమతోబాటు ఉప్పు కూడా ఉంటుంది. ఆ ఉప్పు తేమను పీల్చుకుంటుంది. వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి తీరంలో రాత్రంతా దండెం మీద వదిలేసిన బట్ట తెల్లవారేసరికి మళ్ళీ మెత్తబడుతుంది. దాన్ని అలాగే మడిచిపెడితే బూజు పట్టడం ఖాయం.

పలాస జీడిపప్పు పరిశ్రమల్లో పనిచేసేవారికి ఈ కిటుకు కొత్త కాదు. పప్పును బాగా ఆరబెట్టాకే తేమ చొరని డబ్బాల్లో సీలు వేస్తారు. చెమ్మ ఉన్నది మూస్తే డబ్బా కాపాడదు, చెడగొడుతుంది. బట్టల పెట్టె కూడా అంతే.

కనుక బట్టలను ఎండ ఉండగానే తీసి, ఇస్త్రీ వేడి చల్లారాకే మడవాలి. చాలాకాలం దాచే బట్టలకు గంజి పెట్టకూడదు. పొందూరు ఖద్దరైనా సరే, గంజిని తినే పురుగులు బట్టనూ కొరుకుతాయి. చెమట, అత్తరు మరకలు ఉన్నవాటిని దాచితే పసుపు మచ్చలు పడతాయి. జరీ బట్టను తెల్లని నూలుగుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి. ఇనుప ట్రంకు పెట్టెలో తుప్పు అంటకుండా లోపల పాతగుడ్డ పరచాలి. పెట్టెను నేలమీద కాక ఇటుకల మీద ఉంచాలి. వానాకాలంలో ఎండ కాసిన రోజున మూత తెరిచి గాలి తగలనివ్వాలి.

కలరా ఉండల విషయంలో తల్లులు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటిలోని నాఫ్తలీన్ ఆవిరి బట్టలకు పడుతుంది. జి-6-పి-డి అనే ఎంజైము లోపించిన పసికందులకు అలాంటి బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలి, తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం పైకి కనిపించదు. అందుకే పసిపిల్లల బట్టల్లో, బొంతల్లో అవి అసలే వద్దు. ఎండిన వేపాకును పలుచని గుడ్డలో మూటకట్టి ఉంచితే చాలు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు విలువైన బట్టలను ప్లాస్టిక్ సంచుల్లో కట్టి అటక మీద పెట్టడం మంచిదే. కాని గండం గడవగానే విప్పేయాలి. లేకుంటే లోపలి తేమే వాటిని తినేస్తుంది.

ఇలా పెట్టె తెరిచినప్పుడల్లా మరో పని కూడా చేద్దాం. ఏళ్ళ తరబడి తొడగనివి, ఇంకా గట్టిగా ఉన్నవి ఏరి, అవి లేనివారికి ఇద్దాం. బూజు పట్టాక ఇచ్చేది దానం అనిపించుకోదు. అక్కరకు రాకుండా కుళ్ళబెట్టడం కూడా దుబారాయే!