ఒకే ముడి, మూడు కొనలు

ఇంట్లో వాడే ఇన్వర్టర్‌ను మొదటిసారి విప్పి చూసినవాళ్లకు ఒక సందేహం వస్తుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్, అల్యూమినియం పలకకు బిగించిన మాస్‌ఫెట్ల (ఎలక్ట్రానిక్ స్విచ్‌ల) వరస, బ్యాటరీకి వెళ్లే లావుపాటి వైర్లు కనిపిస్తాయి. మరి బ్యాటరీని నింపే చార్జర్ ఏది? చాలా ఇన్వర్టర్లలో అది విడిగా ఉండదు. కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిప్పిన ఆ మాస్‌ఫెట్లే, ఆ ట్రాన్స్‌ఫార్మరే, కరెంటు రాగానే చార్జర్ అయిపోతాయి.

దీని కీలకం మూడు భాగాల్లో ఉంది: స్విచ్, డయోడ్, తీగచుట్ట. తీగచుట్టలో పారే కరెంటు ఉన్నపళంగా ఆగదు. కర్రతో తిప్పి వదిలిన కుమ్మరి సారెలాగా సాగుతూనే ఉంటుంది. స్విచ్ వేస్తే ఊపందుకుంటుంది, తీసేస్తే డయోడ్ గుండా దారి చూసుకుంటుంది. సెకనుకు వేలసార్లు ఇదే తంతు.

ఈ మూడింటి ఒక్కో కొనను కలిపి ముడి వేశామనుకోండి. మిగిలిన మూడు కొనలు సరఫరాకు, లోడుకు, రెండింటికీ ఉమ్మడి అయిన తీగకు వెళ్తాయి. తీగచుట్ట కొన లోడు వైపుంటే వోల్టేజీ తగ్గుతుంది, అది బక్. సరఫరా వైపుంటే పెరుగుతుంది, అది బూస్ట్. ఉమ్మడి తీగకు కలిపితే పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు, కాకపోతే ప్లస్, మైనస్ తారుమారవుతాయి. అది బక్-బూస్ట్. దాని తీగచుట్టనే రెండు చుట్టలుగా విడదీస్తే ఫ్లైబ్యాక్ అవుతుంది. మన ఫోన్ చార్జర్లలో ఎక్కువగా ఉండేది అదే. 1970ల్లో అమెరికాలోని కాల్‌టెక్‌లో స్లోబోదాన్ చుక్ రూపొందించిన కన్వర్టర్ కూడా ముందు బూస్ట్, వెనక బక్ కలిసినదే.

స్విచ్ సగంసేపు వేసి, సగంసేపు తీస్తే బక్ 24 వోల్టులను 12 చేస్తుంది. అదే లెక్కతో బూస్ట్ 12ను 24 చేస్తుంది. ఎందుకంటే బక్‌ను అవతలి వైపు నుంచి చూస్తే కనిపించేది బూస్టే. డయోడ్ కరెంటును ఒకవైపే పోనిస్తుంది కాబట్టి, దాని స్థానంలో ఇంకో స్విచ్ పెడితే అదే సర్క్యూట్ రెండు దిక్కులా నడుస్తుంది. వీటిని వేర్వేరు పాఠాలుగా బట్టీ పట్టించకుండా ఈ ముడి దగ్గరే చదువు మొదలుపెడితే పిల్లలకు ఎంత శ్రమ తప్పుతుందో!

ఇన్వర్టర్‌లోని నాలుగు స్విచ్‌ల బ్రిడ్జ్ అంటే పక్కపక్కన నిలబెట్టిన రెండు బక్‌లు. కరెంటు వచ్చాక ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను బాగా దించేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ నిండాలంటే 14 దాకా కావాలి, దించిన వోల్టేజీ అందుకు చాలదు. అప్పుడు కింది రెండు స్విచ్‌లు ఒక్కసారిగా మూసుకుని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో కరెంటును పెంచుతాయి. తెరుచుకోగానే అది పై స్విచ్‌ల దారిన బ్యాటరీలోకి ఎక్కుతుంది. అంటే బూస్ట్.

ఎలక్ట్రిక్ స్కూటర్ బ్రేకు పట్టినప్పుడు జరిగేదీ ఇదే. నెమ్మదించిన మోటారు పుట్టించే వోల్టేజీ బ్యాటరీ కన్నా తక్కువ. అయినా ఆ కరెంటు బ్యాటరీలోకి చేరుతుంది. అక్కడ తీగచుట్ట కూడా వేరే అక్కర్లేదు, మోటారు లోపలి చుట్టలే ఆ పని చేస్తాయి.