ఉట్టి ఎంబీబీఎస్సేనా?

"చిన్నమ్మా, నేను ఫ్యామిలీ మెడిసిన్ చేస్తా. నువ్వైనా అమ్మకి చెప్పవూ?"

లాల్ దర్వాజా బోనాలకి శాలిబండలోని మా ఇంటికొచ్చిన అక్క కూతురు వంటింట్లో నా వెనకే తిరుగుతూ అడిగింది. పిల్ల ఎంబీబీఎస్ పాసైంది, హౌస్ సర్జన్సీ ముగించింది. పీజీ ప్రవేశ పరీక్ష రెండోసారి రాసింది. ర్యాంకు మరీ తీసిపోలేదు. అక్క బాధల్లా ఒకటే.

"సంబంధానికొచ్చినోళ్ళు ఉట్టి ఎంబీబీఎస్సేనా అని అడుగుతరు. ఇంటి డాక్టరు చదువని ఎట్ల చెప్పమంటవే?"

నిజం చెప్పొద్దూ, నాకూ అప్పటిదాకా అదొక చదువని తెలీదు. కళ్ళు తెరిపించింది మా అత్తగారి మాత్రల డబ్బా! ఆవిడకి షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు. ముగ్గురు డాక్టర్లు, మూడు చీటీలు. నెల రోజులుగా లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటే వయసు మీద పడింది కదా అనుకున్నాం. ఆ సాయంత్రం ఈ పిల్ల మాత్రలన్నీ పేపరు మీద పరిచింది. రెండు వేర్వేరు పేర్లతో ఉన్నది ఒకే బీపీ మందు! రాసిన డాక్టరుకే చూపిస్తే ఒకటి ఆపేశారు. మనిషినంతా ఒక్కచోట చూసేవాళ్ళు లేకపోతే జరిగేదిదే.

డిప్లొమా కాదు, డిప్లొమేట్!

ఆ రాత్రి పిల్ల వివరంగా చెప్పింది. డి.ఎన్.బి. ఫ్యామిలీ మెడిసిన్ అంటే నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఇచ్చే మూడేళ్ళ పీజీ. "డిప్లొమేట్" అనే మాట విని చాలామంది డిప్లొమా అనుకుంటారు. మా అక్కా అలాగే అనుకుంది. రెండేళ్ళ డిప్లొమా వేరే ఉంది, 2020లో మొదలైంది. రెండింటికీ దారి నీట్ పీజీనే. అందులో 200 ప్రశ్నలు, తప్పు రాస్తే మార్కు కోత. ఇవి కాక కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సులూ ఉన్నాయి. నేర్చుకోవడానికి మంచివే గానీ పీజీతో సమానం కావు. ఫీజు కట్టేముందే గుర్తింపు సంగతి చూసుకోవాలి.

మూడేళ్ళూ మెడిసిన్, సర్జరీ, కాన్పులు, పిల్లల వార్డు... అన్నీ తిరగాలి. చివర నాలుగు పేపర్లు, పేపరుకి 100 మార్కులు, మూడు గంటలు. మొత్తం మీద సగం మార్కులు రావాలి. ప్రాక్టికల్స్ వేరు. థీసిస్ కూడా ఆమోదం పొందాలి.

పాసైనవాళ్ళు పిల్లకి చెప్పిన చిట్కాలు ఇవి:

* థీసిస్ అంశం మొదటి ఏడాదే తేల్చుకోవాలి. ఆఖర్న మొదలుపెడితే చదువుకి టైముండదు.

* పేపరుకి పది ప్రశ్నలు. అంటే ప్రశ్నకి 18 నిమిషాలు. గడియారం పెట్టుకుని రాసి అలవాటు చేసుకోవాలి. చదవడం వేరు, రాయడం వేరు.

* ఏ రోజు చూసిన కేసు ఆ రోజే లాగ్‌బుక్‌లో ఎక్కించాలి.

* తనకిష్టమైన సబ్జెక్టే చదివి కాన్పులో, కంటి జబ్బులో వదిలేస్తే ఇక్కడ కుదరదు.

ఇంగ్లండులో జీపీ అవ్వాలన్నా ఎం.ఆర్.సి.జి.పి. గట్టెక్కాలి. 2023లో వచ్చిన అక్కడి కొత్త పరీక్షలో 12 మంది రోగుల పాత్రధారులతో తలా 12 నిమిషాలు మాట్లాడాలి. జబ్బు కనిపెట్టడానికే కాదు, ఎదుటి మనిషితో మెలిగే తీరుకీ మార్కులుంటాయి. ఆ మాట నాకు భలే నచ్చింది. మా పాతబస్తీలో డాక్టరుకి తెలుగూ రావాలి, ఉర్దూ రావాలి. బురఖా తీయడానికి మొహమాటపడే అమ్మాయీ, చెప్పుకోలేక కొంగు నోట్లో కుక్కుకునే అత్తా అసలు బాధ చెప్పాలంటే కాస్త ఓపికతో వినాలి కదా! 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. గడప దగ్గరికి డాక్టరొచ్చారు. ఆ కుర్చీలో ఇలా చదువుకున్నవాళ్ళు కూర్చుంటే ఎంత బాగుంటుంది!

మర్నాడు అక్కతో అన్నాను, "ఉట్టి ఎంబీబీఎస్ కాదే, దాని మీద మూడేళ్ళు. అడిగినవాళ్ళకి అదే చెప్పు" అని. అక్క మాట్లాడలేదు. పక్క గదిలోంచి మా అత్తగారే అందుకున్నారు.

"దాని ర్యాంకు నాకెందుకు బిడ్డా, నా గోలీలు ఏవేవో దానికెరుక."

కౌన్సెలింగ్‌లో పిల్ల మొదటి ఆప్షన్‌గా ఫ్యామిలీ మెడిసినే పెట్టింది. అక్క ఇంకా పూర్తిగా సమాధానపడలేదు గానీ, మొన్న ఫోన్లో "ఆ థీసిస్ అంటే ఏందే?" అని అడిగింది.

మీ ఇంట్లోనూ ఎంబీబీఎస్ పిల్లలుంటే, వాళ్ళేం చదవాలో చెప్పేముందు ఏం చదవాలనుందో ఒక్కసారి అడగండి. అలాగే ఇవాళ ఇంట్లో పెద్దవాళ్ళ మాత్రల డబ్బా తెరిచి, చీటీలన్నీ ఒకే డాక్టరుకి చూపించండి.