ఉక్కు మూలశిలను వెదకిన వాయ్సీ

ఏర్గట్ల ప్రాంతంలోని కోనసముద్రం ఒకప్పుడు మూస ఉక్కుకు పేరుపొందిన గ్రామం. ఆ ఉక్కును పర్షియా వర్తకులు కత్తుల తయారీకై కొనిపోయేవారు. 1818లో త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూవిజ్ఞానిగా చేరిన హెన్రీ వాయ్సీ ఇక్కడి కొలుములను చూచి ఊరకుండలేదు. ఈ ఇనుము ఏ రాతినుండి వచ్చినది?

జాడతీయగా, నిర్మల్ సమీపంలోని దిమ్మదుర్తిలో ఇసుకరాయిని పోలిన నైస్ శిల కనబడింది. అందులో అయస్కాంత ఖనిజపు రేణువులు చెదరి ఉన్నవి. రాతిని దంచి నీట కడిగితే తేలికైన ఇసుక కొట్టుకొనిపోయి, బరువైన ఖనిజం అడుగున మిగులుతుంది.

వస్తువునుండి శిలకు వెనుకకు నడవడం, చూచినది వ్రాసిపెట్టడం — ఖనిజాన్వేషకుని పని ఇదే. 1824లో కలకత్తాకు పోతూ వాయ్సీ దారిలోనే మరణించాడు. 1832లో అచ్చయిన ఆయన వర్ణన, చల్లారిపోయిన ఆ కొలుముల పనితీరుకు నేటికీ ఆధారంగా నిలిచి ఉన్నది.