మానలేని చాకిరి

దాస్యాన్ని గుర్తుపట్టాలంటే పని ఎంత కష్టమైనదో చూస్తే చాలదు, ఆ పని మానేసి వెళ్లిపోయే వీలు మనిషికి ఉందో లేదో చూడాలి. కదలనీయకుండా పట్టి ఉంచేది ఒకచోట కులాచారం, ఒకచోట అప్పు, ఇంకోచోట యజమాని లాక్కుని దాచిన పాస్‌పోర్టు.

నిజాం పాలనలోని తెలంగాణ పల్లెల్లో వెట్టి కులాలవారీగా పంచి ఉండేది. దేశ్‌ముఖ్, పటేల్, పట్వారీ, ఊళ్లో మకాం వేసిన సర్కారు అధికారి, అందరికీ కూలి లేకుండానే పనులు జరిగిపోవాలి. కుమ్మరి కుండలివ్వాలి. చాకలి దొర ఉండే గడీలో బట్టలుతికి అంట్లు తోమాలి. మాదిగ చెప్పులు కుట్టాలి, మోటకు తోలు సిద్ధం చేయాలి. సర్కారు కాగితం వస్తే మాలమాదిగ వాడల నుంచి ఒకరు దాన్ని పట్టుకుని పక్క ఊరికి పరుగెత్తాలి. తన మడిలో అదును దాటిపోతున్నా దొర పొలం పని అయ్యాకే రైతు అటు పోవాలి. వీటన్నింటిలోకీ హేయమైనది ఆడబాప ఆచారం. దొర బిడ్డను అత్తారింటికి సాగనంపుతూ ఒక పేదింటి పిల్లను కూడా వెంట పంపేవారు. చాకిరితోనే ఆమె బతుకు తెల్లారేది, ఆ ఇంటి మగవాళ్ల నుంచి ఏ రక్షణా ఉండేది కాదు.

అప్పుతో బిగిసే పద్ధతి పేరు భగేలా. పెళ్లికో చావుకో డబ్బు తీసుకున్నవాడు బాకీ తీరేదాకా దొర దగ్గరే పని చేయాలి. లెక్క రాసేది దొర, వేలిముద్ర వేసేది చదువు రానివాడు. తండ్రి పోతే బాకీ కొడుకు మెడకు చుట్టుకునేది. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలపై ఒక చట్టం తెచ్చింది. కానీ ఊళ్లో సర్కారు అంటే వెట్టి చేయించుకునే పటేల్, పట్వారీలే. అందుకే ఆ చట్టం కాగితం మీదే మిగిలింది. వెట్టిని నిజంగా కూలదోసింది 1946లో రాజుకున్న రైతుల పోరాటం.

రాజ్యాంగంలోని 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. 1976 నాటి చట్టం వెట్టి, భగేలా, పాలేరు వంటి పద్ధతులను పేరుపేరునా చెప్పి రద్దు చేసింది, వాటి కింది అప్పులనూ కొట్టేసింది. ఒక అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే అని కూడా చెప్పింది. కాగితం ముక్క లేని పేదవాడికి ఇది కొండంత అండ. 1982లో ఆసియా క్రీడల (ఆసియాడ్) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు మనిషి ఒప్పుకుంటున్నాడంటే ఆకలి ఒప్పించినట్టే, కాబట్టి అదీ నిర్బంధ శ్రమేనని తేల్చింది.

ఇప్పుడు ఇటుక బట్టీల దగ్గర అదే అప్పు అడ్వాన్సు పేరుతో తిరుగుతోంది. ఒడిశాలోని బలాంగీర్ వైపు నుంచి తెలంగాణకు కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. మట్టి కలిపేది ఒకరు, అచ్చు పోసేది ఒకరు, ఆరిన ఇటుకలు తిప్పేది పిల్లలు. వారానికి తిండి ఖర్చులే చేతికొస్తాయి, అసలు లెక్క సీజన్ చివరన తేలుతుంది. మధ్యలో పోదామంటే అడ్వాన్సు అడ్డం. గల్ఫ్‌కు వెళ్లిన కొందరు వలసకూలీలకు ఏజెంటు అప్పు ఇక్కడ, పాస్‌పోర్టు అక్కడ.

అధికారులు విడిపించినవారికి విడుదల పత్రం ఇవ్వాలి. బాకీ రద్దయిందనడానికీ, పునరావాస సాయానికీ అదే ఆధారం. ఆ పత్రం లేకుండా ఊరికి చేరిన కుటుంబానికి మరుసటి ఏడాది దిక్కు మళ్లీ అడ్వాన్సిచ్చే మేస్త్రీయే.